ఆయన ఏళ్ల నుంచి ఇద్దరి ఏళ్ల దాకా

రాయపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెద్ద దంపతులకు రెండు రకాల వేడుకలు చేస్తుంటారు. ఒకటి షష్టిపూర్తి, రెండోది యాభయ్యో పెళ్లిరోజు. మొదటిది భర్త వయసును లెక్కిస్తుంది. రెండోది ఇద్దరూ కలిసి బతికిన ఏళ్లను లెక్కిస్తుంది. ఈ లెక్క మారడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

షష్టిపూర్తికి ఆధారం మన పంచాంగమే. ప్రభవ నుంచి అక్షయ వరకు 60 ఏళ్లు తిరిగి, పుట్టిన సంవత్సరం మళ్లీ వస్తుంది. అప్పుడు ఉగ్రరథ శాంతి, 70 నిండితే భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసినవారికి, అంటే 80 ఏళ్ల 10 నెలలు దాటాక, సహస్ర చంద్ర దర్శనం. హోమం ముగిశాక కలశాల్లోని మంత్రజలంతో దంపతులకు స్నానం చేయిస్తారు. కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ అల్లుళ్లూ చుట్టూ నిలబడగా ఆయన ఆమె మెడలో మళ్లీ తాళి కడతాడు. మనవలు తలంబ్రాలు అందిస్తారు. ఎంత ముచ్చటైన వేడుకో! అయినా ముహూర్తం పెట్టేది ఆయన పుట్టినరోజును బట్టే.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో కలిసి పండుముసలి దాకా బతికిన జంటలు అరుదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు, అంటే పిల్ల తరఫువారికి సొమ్ము ఇచ్చి చేసుకున్న పెళ్లిళ్లు, 1,034. వాటిలో 99 మంది వధువులు ఐదేళ్ల పిల్లలు, ముగ్గురు ఏడాది పసికందులు. ముసలి వరుడికి కట్టబెట్టిన పిల్లకు కాపురం కంటే ముందు వైధవ్యం వచ్చేది. అయినా ఆ కాలంలోనే కలిసి నడిచిన సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం, రాజ్యలక్ష్మమ్మల జంట ఉంది. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం చేసినప్పుడు ఊరు వెలివేస్తే, నీళ్లు మోసి వంట చేసి ఆ పని నిలబెట్టింది ఆమె. వాళ్ల చిన్ననాటి పెళ్లిబంధం 1910లో ఆమె కన్నుమూసే దాకా సాగింది.

1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చి, పెళ్లికి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలంది. మరుసటి ఏడే విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయింది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఛత్తీస్‌గఢ్ దగ్గరైంది. రైల్వే పనికి, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికి మనవాళ్లు వచ్చారు. అత్తమామలూ ఆడపడుచులూ ఊళ్లోనే ఉండిపోయిన చోట, రైల్వే క్వార్టర్‌లో ఒకరికి ఒకరే దిక్కు. ఆయన నైట్ డ్యూటీకి వెళ్తే, బజారులో హిందీ నేర్చుకుంటూ, ఇంట్లో పిల్లలకు తెలుగు నిలబెడుతూ సంసారం నడిపింది ఆమె.

స్వాతంత్ర్యం నాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చుట్టూ ఉండేది. ఇప్పుడు 70 దరిదాపుల్లో ఉంది. 1978లో పెళ్లి వయసు ఆడపిల్లకు 18కి, మగపిల్లవాడికి 21కి పెరిగింది. 21 ఏళ్లకు తాళి కట్టినవాడు యాభయ్యో పెళ్లిరోజు చూడాలంటే 71 దాకా బతకాలి. ఇదివరకు అది వరం, ఇప్పుడు చాలా ఇళ్లలో అందే ఆశ. 1998లో కేంద్రప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయసు 58 నుంచి 60కి పెరగడంతో రైల్వే ఇళ్లలో రిటైర్మెంటూ షష్టిపూర్తీ పక్కపక్కనే వస్తున్నాయి. ఆ వేడుకలోనే క్వార్టర్ ఖాళీ చేయడం, సొంతూరికి వెళ్లాలా ఇక్కడే ఉండాలా అన్న చర్చ కూడా నడుస్తుంది.

25 ఏళ్లకు వెండి, 50 ఏళ్లకు బంగారం అన్నది పాశ్చాత్యుల అలవాటు. 1887లో విక్టోరియా రాణి పాలనకు ఇక్కడా స్వర్ణోత్సవం జరిపారు. పరాయిదైనా ఈ లెక్క మనకు మేలే చేసింది. ఇద్దరినీ సమానంగా చూసే పద్ధతి ఇక్కడి స్థానికుల్లోనూ ఉంది. ఛత్తీస్‌గఢీ పెళ్లిళ్లలో ‘టీకావన్’ అనే ఆచారం ఉంది. పసుపు కలిపిన బియ్యంతో వధూవరులిద్దరికీ బొట్టు పెట్టి కానుక ఇస్తారు. మన చదివింపుల లాంటిదే. ఆశీస్సు ఇద్దరికీ సమానంగా అందుతుంది.

షష్టిపూర్తిని మానుకోనక్కరలేదు. అయితే ఆ వేదిక మీద ఆయన సర్వీసుతో పాటు ఆమె సంసారపు ఏళ్లనూ చదివి వినిపించాలి. ఆమె అరవై నిండిన రోజునూ అంతే ఘనంగా చేయాలి. కలిసి బతికిన కాలం ఇద్దరి కష్టార్జితం.