కొల్లేటి నాటు చేపలు: గుర్తింపు, వేట, వంట

ఏలూరు: కొల్లేటి చేప అనగానే నేడు అందరికీ గుర్తుకు వచ్చేవి బొచ్చె, శీలావతి. చెరువులలో పెరిగి, ఐసు పెట్టెలలో కోల్‌కతాకు, ఈశాన్య రాష్ట్రాలకు తరలిపోయే చేపలివి. అంతకు ముందునుంచీ సరస్సునే నమ్ముకుని బతుకుతున్న గొరక, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, పరిగె వంటి నాటు చేపలకు సంతలో అంతటి గిరాకీ లేదు. కొర్రమీను, బొమ్మిడాయిలకు ఉన్న పేరు వీటికి రాలేదు. అయినా తీరు తెలిసి వండితే రుచిలో ఇవి వేటికీ తీసిపోవు.

గుర్తించడం ఎలా?

గొరక జానెడు పొడవుకు మించని గట్టి పొలుసుల చేప. మొప్పల అంచులు రంపపు పళ్లవలె ఉంటాయి. వాటి సాయంతోనే తడినేలపై కొంతదూరం పాకగలదు. మట్టగిడస కొర్రమీను జాతిదే, కాని పరిమాణంలో చిన్నది. ఇంగిలాయి, మార్పు పొలుసులు లేని మీసాల చేపలు. ఈ నాలుగూ మొప్పలతోపాటు నేరుగా గాలిని కూడా పీల్చుకోగలవు. అందువల్లనే వేసవిలో నీరు ఇంకి బురద మిగిలిన మడుగులలోనూ బతికి ఉంటాయి. పరిగెలు వేలెడంత ఉండే వెండిరంగు చేపలు. ఇవి గుంపులుగా తిరుగుతాయి.

మార్పు కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. అయినా దానిని నాటు మార్పుగా నమ్మించి అమ్మడం కద్దు. నాటు మార్పు సాధారణంగా కిలోలోపే ఉంటుంది. అనేక కిలోలు తూగే చేపను మార్పు అని చెబితే అనుమానించాలి.

వేట పద్ధతులు

కొల్లేటి జాలరులు వెదురు బద్దలతో అల్లిన మావులను నీరు పారే దారిలో, గడ్డి దుబ్బుల నడుమ అమర్చుతారు. లోపలికి వెళ్లిన చేప తిరిగి రాలేని విధంగా మావు నోరు ఉంటుంది. లోతు తక్కువైన చోట విసురు వల, కాలువ గట్టున వానపామును ఎరగా గుచ్చిన గాలం వాడుతారు.

ఇంగిలాయిని ఉత్త చేతులతో పట్టరాదు. రొమ్ము రెక్కల వద్ద ఉండే ముళ్లలో విషముంటుంది. ముల్లు గుచ్చుకుంటే ఆ భాగాన్ని చర్మం కాలనంత వేడినీటిలో అరగంటకు పైగా ఉంచితే బాధ తగ్గుతుంది. వాపు పెరిగినా, ముల్లు విరిగి లోపల ఉండిపోయినా వైద్యుని వద్దకు వెళ్లాలి.

శుభ్రపరచడం, వండడం

పొలుసులు లేని చేపల ఒంటిపై జిగురు ఉంటుంది. దీనిని పోగొట్టకపోతే పులుసుకు నీచువాసన వస్తుంది. కట్టెల బూడిద లేదా కల్లుప్పు చల్లి బండపై గట్టిగా రుద్ది, మూడు నాలుగు నీళ్లలో కడగాలి. చివరి నీటిలో పసుపు, కొద్దిగా చింతపండు రసం కలిపితే బురద వాసన కూడా పోతుంది.

అరకిలో చేపలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టాలి. మట్టిదాకలో నూనె కాగాక మెంతులు, పచ్చిమిర్చి, రెండు ఉల్లిపాయల ముద్ద వేయించి, కారం, ఉప్పు, పసుపు, చింతపండు రసం చేర్చాలి. పులుసు తెర్లిన తరువాతే ముక్కలు వేయాలి. ఆపై గరిటె పెట్టకుండా, దాకను గుడ్డతో పట్టుకుని కుదపాలి. ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి నూరిన ముద్ద వేసి దించాలి. మామిడికాయల కాలంలో చింతపండు తగ్గించి కాయ ముక్కలు వేయవచ్చు. ఈ పులుసు మరునాటికి మరింత రుచిగా ఉంటుంది.

పరిగెలను పొట్ట తీసి, ఉప్పు, కారం పట్టించి కరకరలాడేలా వేయించాలి. తల, ముళ్లతో సహా తినవచ్చు కనుక పెద్ద చేప ముక్కలో దొరకనంత సున్నం వీటి ద్వారా శరీరానికి అందుతుంది.

తరగడానికి కారణాలు

కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటితమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్రమ చెరువుల గట్లను 2006లో పెద్దఎత్తున తెగ్గొట్టారు. చెరువుల పెంపకంలో నాటు చేపలకు చోటు లేదు. పిల్లలను వదిలే ముందు ఇప్పపిండి వంటివి చల్లి వాటిని చంపివేస్తారు.

దీనికి తోడు తొలకరి వేట. కొత్తనీరు రాగానే ఈ చేపలు గుడ్లు పెట్టేందుకు కాలువల గుండా పొలాలలోకి ఎదురెక్కుతాయి. దోమతెర వంటి సన్నకన్ను వలలు అడ్డం కడితే గుడ్లతో ఉన్న తల్లులు, పిల్లలు ఒక్కసారే చిక్కుతాయి. ఆ కొద్ది వారాలు ఎదురెక్కే చేపలను విడిచిపెట్టి, నీరు తీసే కాలంలో పెద్దకన్ను వలతో, మావుతో పట్టుకుంటే మరుసటి ఏడాదికి విత్తనం మిగులుతుంది. ఈ చేపలకు హేచరీ అక్కరలేదు. ఎదురెక్కే దారి వదిలితే చాలు. గుడ్లతో పొట్ట ఉబ్బిన చేపను సంతలో కొనకుండా ఉండడం ద్వారా వినియోగదారులు సైతం ఇందుకు తోడ్పడవచ్చు.