గంగ ఒక్కటే, దరులు రెండు

చరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. తెల్లవారకముందే వల భుజాన వేసుకుని వెళ్ళే బెస్తవారి రేవుకు చరిత్ర ఏముంటుంది అనుకుంటాం. కాళేశ్వరం సంగతి వింటే ఆ మాట అనలేం.

ప్రాణహిత ఆదిలాబాద్ అంచు వెంట దిగివచ్చి ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. ఇక్కడివారు గోదావరిని గంగ అనే పిలుస్తారు. పాత కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరు 2016 నుంచి భూపాలపల్లి జిల్లాలో ఉంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తీశ్వరాలయం యాత్రికులకు తెలుసు. రేవువారికి తెలిసింది ఎదుటి దరిన సిరొంచ. అది మహారాష్ట్ర. అయినా అక్కడా ఎన్నో ఇళ్ళల్లో తెలుగే.

ఎందుకంటారా? 1860 దాకా రెండు దరులూ నిజాంవే. ఆ ఏటి ఒడంబడికతో ఎడమ దరి తాలూకాలు ఇంగ్లీషువారి చేతికి వెళ్ళాయి. నాగపూరు వైపు పత్తిని పడవల మీద సముద్రానికి దించాలని వారి ఆశ. సిరొంచను ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానం చేశారు. దిగువన దుమ్ముగూడెం మొదలు, బండలు అడ్డం వచ్చినచోట ఆనకట్టలు, కాలువలు మొదలుపెట్టారు. ఇంతలో 1867లో నాగపూరుకు రైలు వచ్చింది. 1871లో పనులు మానేశారు. 1874లో ఆ జిల్లానే ఎత్తేశారు. సరిహద్దు మాత్రం నీళ్ళలో ఉండిపోయింది.

తరువాత దానికి పేర్లే మారాయి. 1956లో ఇవతల ఆంధ్రప్రదేశ్, అవతల బొంబాయి రాష్ట్రం. 1960లో అవతల మహారాష్ట్ర, 2014లో ఇవతల తెలంగాణ. కానీ పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఆగలేదు. మనం పక్క వీధికి ఇచ్చినట్టే వాళ్ళు అవతలి దరికి ఇస్తారు. ఆ కోడలి బిడ్డలు బడిలో మరాఠీ చదువుకుని, ఇంటికొచ్చి అమ్మతో తెలుగు మాట్లాడతారు.

ఇప్పుడు వంతెన వచ్చింది, పడవ దాటింపు తగ్గింది. దిగువన మేడిగడ్డ బరాజు 2019లో ప్రారంభమై, 2023లో స్తంభాలు కుంగాయి. నీరు నిలిపినా, వదిలినా రెండు దరుల వలలకూ ఆ సంగతి ముందుగా తెలుస్తుంది. తీర్మానాలు చేసేచోట మాత్రం బెస్తవారి మాట వినపడదు.

పుష్కరాలకో, దర్శనానికో కాళేశ్వరం వెళితే స్నానం చేసి తిరిగి వచ్చేయకండి. చేపల గంప దించిన అమ్మను, "అవతలి దరిన మీవాళ్ళెవరమ్మా?" అని అడగండి. పుస్తకాల్లో లేని చరిత్ర ఆమె నోట వింటారు.