ప్రవాసులు - భారతదేశంలో స్థిరాస్తి కొనుగోలు

భారతదేశం వెలుపల నివసించే భారత పౌరులు, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులు, ఇతర విదేశీయులు భారతదేశంలో ఇల్లు, స్థలం, పొలం వంటి స్థిరాస్తిని పొందుటకు గల హక్కులను విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా), దాని క్రింద చేసిన నియమాలు నిర్ణయిస్తాయి. వీటి ప్రకారం విదేశాలలో స్థిరపడిన తెలుగువారు స్వగ్రామంలో ఇల్లు కొనవచ్చును గాని, పొలం కొనుటకు వీలు లేదు.

నేపథ్యం

1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ పౌరులు భారతదేశంలో స్థిరాస్తి కొనాలన్నా, అమ్మాలన్నా రిజర్వు బ్యాంకు అనుమతి తప్పనిసరి. దాని స్థానంలో 1999లో చేసిన ఫెమా చట్టం 2000 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. స్థిరాస్తికి సంబంధించి ప్రస్తుతం 2019 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాలు వర్తిస్తాయి.

భారత రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మరొక దేశ పౌరసత్వం స్వీకరించినవారు భారత పౌరసత్వాన్ని కోల్పోతారు. ఇటువంటివారి కొరకు విదేశీ భారతీయ పౌరుడు (ఓ.సి.ఐ.) అను పథకం ఏర్పడింది. దీని మొదటి కార్డులను 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అందజేశారు.

ఎవరు ఏమి కొనవచ్చు

* ప్రవాస భారతీయులు (భారత పౌరులు), ఓ.సి.ఐ. కార్డుదారులు: నివాస గృహాలు, ఇంటి స్థలాలు, వాణిజ్య భవనాలు రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండానే కొనవచ్చు. సంఖ్యకు పరిమితి లేదు.
* వీరి విదేశీ జీవిత భాగస్వామి: వివాహం రిజిస్టరై, కనీసం 2 సంవత్సరాలుగా కొనసాగుతున్నచో, భర్త లేక భార్యతో కలిసి ఒక ఆస్తిని ఉమ్మడిగా కొనవచ్చు.
* భారత సంతతికి చెందని విదేశీయులు: విదేశాలలో ఉంటూ గాని, పర్యాటకులుగా వచ్చి గాని కొనుటకు వీలు లేదు. 5 సంవత్సరాలకు మించని లీజుకు తీసుకొనవచ్చు.
* పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, చైనా, నేపాల్ మొదలగు కొన్ని దేశాల పౌరులు: భారతదేశంలో నివసిస్తున్నప్పటికీ రిజర్వు బ్యాంకు అనుమతి అవసరం. ఓ.సి.ఐ. కార్డుదారులకు ఈ నిబంధన వర్తించదు.

వ్యవసాయ భూమి

వ్యవసాయ భూమి, తోట, పొలంలోని ఫార్మ్‌హౌస్ - ఈ మూడింటిని ప్రవాస భారతీయులు గాని, ఓ.సి.ఐ. కార్డుదారులు గాని కొనరాదు, దానంగా పొందరాదు. వారసత్వంగా పొందవచ్చు. విదేశాలకు వెళ్ళకముందు కొనుక్కున్న పొలాన్ని కూడా తమ వద్దనే ఉంచుకొనవచ్చు.

చిత్తూరు జిల్లాలోని మండల కేంద్రమైన కార్వేటినగరాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఇది పూర్వం ఒక జమీందారీకి కేంద్రం. ఈ ప్రాంతంలో మామిడి ముఖ్యమైన పంట. ఇక్కడ పుట్టి అమెరికా పౌరసత్వం పొందిన వ్యక్తి ఊరిలో ఇల్లు కొనవచ్చు. తండ్రి మరణానంతరం మామిడి తోటలో తన వాటాను పొందవచ్చు. కాని ప్రక్కనున్న తోటను కొనలేడు. తండ్రి జీవించి ఉండగా తోటను దానపత్రం ద్వారా పొందలేడు. కుమార్తెలకు కూడా ఇదే వర్తిస్తుంది. విదేశీ పౌరసత్వం వలన వారసత్వపు వాటా పోదు.

ఈ అడ్డంకిని దాటుటకు కొందరు తమ సొమ్ముతో తోడబుట్టినవారి పేరునో, బంధువుల పేరునో పొలం కొంటారు. ఇది 2016లో సవరించిన బినామీ చట్టం పరిధిలోకి వస్తే ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకొనవచ్చు. కాగితాలలో పేరున్నవారు లేక వారి వారసులు ఎదురు తిరిగినచో, సొమ్ము పెట్టినవారు ఆ పొలం తమదని నిరూపించి రాబట్టుకొనుటకు చట్టం అనుమతించదు.

చెల్లింపు, రిజిస్ట్రేషను

సొమ్మును బ్యాంకు ద్వారా విదేశం నుండి పంపాలి, లేక భారతదేశంలోని తమ ఎన్.ఆర్.ఇ., ఎఫ్.సి.ఎన్.ఆర్., ఎన్.ఆర్.ఓ. ఖాతాల నుండి చెల్లించాలి. విదేశీ కరెన్సీ నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు చెల్లవు.

స్వయంగా రాలేనివారు బంధువులకు అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ఇవ్వవచ్చు. విదేశంలో వ్రాసిన ఈ పత్రానికి, అది భారతదేశం చేరిన 3 నెలలలోగా స్టాంపు వేయించాలి. అధికార పత్రం ద్వారానే ఆస్తిపై యాజమాన్యం సంక్రమించదని, రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజు అవసరమని సుప్రీం కోర్టు 2011లో స్పష్టం చేసింది.

కొనుటకు ముందు ఈ.సి., లింకు దస్తావేజులు, రిజిస్ట్రేషను చట్టం 22-ఏ నిషేధిత జాబితా పరిశీలించాలి. ఇంటి స్థలమని చూపుతున్నది అడంగల్‌లో వ్యవసాయ భూమిగా ఉన్నదేమో గమనించాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి.కె.టి. పట్టా భూముల అమ్మకంపై 1977 నాటి చట్టం ప్రకారం ఆంక్షలు ఉన్నాయి.

అమ్మకం

పొలాన్ని భారతదేశంలో నివసించేవారికి మాత్రమే అమ్మాలి. అమ్మినవారు ప్రవాసులైనచో, కొన్నవారు ధర నుండి ఆదాయపు పన్నును మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. వారసత్వపు ఆస్తి అమ్మగా వచ్చిన సొమ్ములో, పన్నులు చెల్లించిన తరువాత, ఎన్.ఆర్.ఓ. ఖాతా నుండి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు విదేశానికి తీసుకొనిపోవచ్చు.

స్థిరనివాసం

ఓ.సి.ఐ. కార్డు జీవితకాలపు వీసాగా పనిచేస్తుంది. కార్డుదారులు ఎంతకాలమైనా ఉండవచ్చు. విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకొననవసరం లేదు. అయితే వారికి ఓటు హక్కు లేదు. ఎన్నికలలో పోటీ చేయుటకు వీలు లేదు. స్వగ్రామంలో ఇల్లు కట్టుకొని జీవితాంతం ఉన్నప్పటికీ, చట్టం దృష్టిలో వారు విదేశీ పౌరులే.

ఇవి కూడా చూడండి

* కార్వేటినగరం
* ప్రవాసీ భారతీయ దివస్
* భారతీయ రిజర్వు బ్యాంకు