చార్మినారు రూపాయి

‘చారాణా కోడికి బారాణా మసాలా’ అన్న మాట వినని వాళ్ళుండరు. కోడి ఖరీదు నాలుగణాలు, దాన్ని వండటానికి వేసే దినుసులు పన్నెండణాలు! అతి ఖర్చు మీద ఇంతకంటే చక్కటి చురక ఏ ఆర్థికశాస్త్రవేత్తా వేయలేదు. అణాలు పోయి ఆరు దశాబ్దాలు దాటింది. నాలుగణాలకు కోడి దొరికే రోజులు అంతకు ముందే పోయాయి. మాట మాత్రం నిలిచిపోయింది. అయితే ఆ చారాణా అంటే మన బెజవాడ పావలా అనుకుంటే మాత్రం పొరపాటే. అది హాలీ పావలా. దాని ఖరీదు వేరు, దాని కథ వేరు.

హైదరాబాదు సంస్థానానికి సొంత రైలు ఉండేది, సొంత తపాలా ఉండేది. అలాగే సొంత నాణెమూ ఉండేది. దాని పేరు హాలీ సిక్కా. ‘హాలీ’ అంటే ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నది అని. అదే ఉస్మానియా సిక్కా కూడా. ఇంగ్లీషు వాళ్ళ రూపాయిని అక్కడి జనం ‘కల్దారు’ అనేవారు. ‘కల్’ అంటే మర. మరమీద అచ్చయి, చుట్టూ నొక్కులతో ముచ్చటగా వచ్చే రూపాయి కాబట్టి కల్దారు. బెజవాడలో రైలెక్కి ఎర్రుపాలెం దాటారంటే మీ కొంగున ఉన్న కల్దారు రూపాయి పరదేశపు రూపాయి అయిపోయేదన్న మాట!

మారకం లెక్క చూడండి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. దుకాణంలోనూ కచేరీలోనూ చెప్పే లెక్క ఇంకా ఘనంగా ఉండేది: 100 కల్దారుకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. దీనికి కారణం రాజకీయం కాదు, వెండి. కల్దారులో సుమారు 10.7 గ్రాముల వెండి ఉంటే, హాలీ రూపాయిలో 9.1 గ్రాములే ఉండేది. కంసాలి తూకం ఏం చెబుతుందో మారకమూ అదే చెప్పింది. కల్దారు అణా ఇస్తే హాలీ అణా, దాని మీద రెండు పైలు రావాలి. రూపాయి ఇస్తే రూపాయి మీద రెండణాల ఎనిమిది పైలు రావాలి. ఇందులో సావుకారు మళ్ళీ వట్టం పట్టుకుంటాడు. మధిర వైపు నుంచి కృష్ణాజిల్లాకు కోడలిగా వచ్చిన మా అమ్మమ్మ బడి మొహం పెద్దగా చూడలేదు గానీ, ఈ ఏడూ ఆరూ లెక్క మాత్రం చనిపోయేదాకా నోటితోనే చేసేది. కట్నం మాటలప్పుడు ‘హాలీయా, కల్దారా?’ అని ముందే తేల్చుకోకపోతే పెళ్ళిపందిట్లో రభస అయ్యేదట!

ఇక్కడే ఒక మాట. పెళ్ళిళ్ళలో మనం చదివించే నూటపదహార్లు ఈ మారకం నుంచే పుట్టాయని చాలామంది చెబుతారు. కల్దారు వందకు సరిగ్గా సరితూగాలని నైజాం వాళ్ళు 116 ఇచ్చేవారనీ, అదే ఆచారమై కూర్చుందనీ! వినటానికి ఎంతో బాగుంది. కానీ నాకు నమ్మకం కుదరదు. నూటపదహారుకు సరే, మరి వెయ్యినూటపదహార్లకు ఏం లెక్క చెబుతారు? ఆ మీది పది అణాల ఎనిమిది పైలనూ పురోహితుడు ఊరికే వదిలేశాడా?

హాలీ సిక్కాకు ముందు నైజాములో నాణేల గందరగోళం ఇంతా అంతా కాదు. గద్వాల వాళ్ళది ఒకటి, నారాయణపేటది ఒకటి, గోవింద్‌బక్షీ రూపాయి ఇంకొకటి. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగు ఈ టంకశాలల జోరుకు కళ్ళెం వేసి, రాజ్యమంతటికీ ఒకే నాణెం నిలబెట్టడానికి పూనుకున్నాడు. 1857 తిరుగుబాటు దాకా నాణెం మీద ఢిల్లీ మొగలు పాదుషా పేరే వేసేవారు. ఆ పాదుషానే లేకుండా పోయాక ‘నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా’ అన్న బిరుదు వచ్చి చేరింది.

ఇక అసలు అందం చార్మినారుది. 1903లో టంకశాల సుల్తాన్‌షాహీ నుంచి సైఫాబాదుకు మారింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఆ రోజుల్లోనే వెండి రూపాయి మీదికి చార్మినారు బొమ్మ ఎక్కింది. ఇంగ్లీషు రూపాయి మీద ఎడ్వర్డు మహారాజు గడ్డం కనిపిస్తుంది. నైజాం రూపాయి మీద రాజు ముఖం లేదు, కట్టడం ఉంది. మరి ఏ రాజు రూపాయో తెలిసేదెట్లా? చార్మినారు ద్వారంలోకి తొంగి చూడాలి. అక్కడ ‘మీమ్’ అనే అక్షరం ఉంటే మహబూబ్ అలీఖానుది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖానుది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు మోసిన ఏడవ నిజాం తన రూపాయి మీద తనకు ఉంచుకున్న చోటు, గుమ్మంలో ఒక్క అక్షరం! పక్కనే 92 అన్న అంకె కూడా ఉంటుంది. అది సంవత్సరం కాదు. ‘ముహమ్మద్’ అన్న పేరులోని అక్షరాల విలువ కూడితే వచ్చే సంఖ్య.

మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చింది. దాంతో 1918లో నైజాము కాగితం డబ్బు తెచ్చింది. ముందు నూరు, పది రూపాయల నోట్లు, మరుసటి ఏడు ఐదు, ఒక రూపాయి నోట్లు, 1926లో వెయ్యి. లండనులో వాటర్‌లో కంపెనీ వాళ్ళు అచ్చు వేసేవారు. నాకు ఈ నోట్లలో బాగా ఆశ్చర్యం కలిగించేది అచ్చుపని కాదు, భాష. ఉర్దూతో పాటు నోటు విలువ ఇంగ్లీషులో, మరాఠీలో, కన్నడంలో, తెలుగులో కూడా ఉండేది. జనంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళే కనుక ఇందులో వింతేముందంటారా? వింత ఉంది. అదే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. బోధన అంతా ఉర్దూలో! మూడేళ్ళ తర్వాత, 1921 నవంబరులో, హైదరాబాదులో సంఘసంస్కరణ సభ జరిగింది. ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే బుద్ధిగా విన్న సభ, ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగులో మాట్లాడబోయేసరికి ఈలలు వేసి గోల చేసింది. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అంటే జేబులోని నోటు తెలుగులో పలికేది గానీ, ఆ జేబు గలాయన సభలో తెలుగు పలికితే నవ్వేవారు!

ఇక ఆడపిల్లల సంగతి చెప్పక్కర్లేదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో నగరంలో తెలుగు బాలికల పాఠశాల వెలిసింది. కానీ తెలుగులో చదివిన పిల్లలకు ఉస్మానియా తలుపు తెరవలేదు. చివరికి ఎక్కడో పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించి పరీక్షలు రాయించారు. ఆ తండ్రులు ఫీజు కట్టిన నోటు మీద తెలుగు అక్షరాలు ఉండే ఉంటాయి. వాటిని చదవగలిగితే చాలదూ అని దివాణం అనుకున్నదో ఏమో!

ఈ నోట్లు చేసిన ఒక ప్రయాణం నవలలో రాస్తే పాఠకులు నమ్మరు. 1922 మే 20న లండను నుంచి బొంబాయి వస్తున్న ‘ఈజిప్టు’ అనే ఓడ, ఫ్రాన్సు తీరాన పొగమంచులో మరో ఓడ గుద్దుకుని ఇరవై నిమిషాల్లో మునిగిపోయింది. ఎనభై మందికి పైగా పోయారు. ఓడలో అయిదు టన్నుల బంగారం, పది టన్నుల వెండి. వాటితో పాటు ఇంకా సంతకాలు పడని నైజాం నోట్ల కట్టలు! నాలుగు వందల అడుగుల లోతు. బంగారం కోసం ఇటలీ వాళ్ళు ‘ఆర్టిగ్లియో’ అనే ఓడలో ఏళ్ళ తరబడి వెతికారు. 1930 డిసెంబరులో మరో మునిగిన ఓడను తొలగించబోతే అందులోని మందుగుండు పేలి ఆర్టిగ్లియోయే ముక్కలైంది, సిబ్బందిలో చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్ళు రెండో ఓడతో వచ్చి, 1932లో బంగారం పైకి తీశారు. దానితో పాటు మన తెలుగక్షరాల నోట్లు కూడా పదేళ్ళ సముద్రవాసం ముగించుకుని పైకి వచ్చాయి. డబ్బుగా అవి చెల్లవు. అందుకని జ్ఞాపికలుగా పోయాయి. ఈనాడు సేకరించేవాళ్ళు చెల్లిన నోటు కంటే చెల్లని ఈ నోటుకే ఎక్కువ మోజు పడతారు.

1947లో ఈ రూపాయి కాస్తా కయ్యానికి కారణమైంది. నవంబరులో ఢిల్లీతో యథాతథ ఒప్పందం మీద సంతకం చేసిన నిజాం ప్రభుత్వం, కొద్ది రోజులకే భారత రూపాయి తమ రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు జారీ చేసింది. నాణెం వేసుకునే హక్కు ఉన్నవాడే స్వతంత్రుడని పూర్వపు రాజులు నమ్మేవారు. నిజాముకు మిగిలిన గుర్తు అదొక్కటే మరి. తొమ్మిది నెలలు గడిచాయి. 1948 సెప్టెంబరులో అయిదు రోజుల్లో కథ ముగిసింది.

నోటు మాత్రం వెంటనే పోలేదు. దాని మీద సంతకాలు చూస్తే చరిత్ర పాఠమే చదివినట్టు ఉంటుంది. ఒక కాలపు నోటు మీద ఆర్థికమంత్రి గులాం మహమ్మద్ సంతకం. ఆయన తర్వాత పాకిస్తానుకు గవర్నరు జనరలు అయ్యాడు. ఆఖరి కాలపు నోటు మీద కాంగ్రెసు మంత్రి డాక్టరు మేల్కోటే సంతకం. 1950 నుంచి హాలీ, భారత రూపాయి పక్కపక్కన నడిచాయి. ఈ లోపల 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు దిగాయి. 1959 నాటికి హాలీ పూర్తిగా పోయింది. పదేళ్ళలో ఆ ఇల్లాళ్ళు మూడు రకాల లెక్కలు నేర్చుకోవలసి వచ్చింది: హాలీ అణాలు, కల్దారు అణాలు, నూరు పైసల రూపాయి. పాలవాడి లెక్క ఎలా తేల్చేవారో ఏమో! పోపులడబ్బాల్లో దాచిన వెండి రూపాయలు చాలామటుకు కంసాలి కుంపట్లో కరిగి పట్టీలూ కుంకుమభరిణెలూ అయ్యాయి. మీ ఇంట్లో పాత భరిణె ఉంటే, అందులో ఒక చార్మినారు కరిగి ఉండవచ్చు.

సైఫాబాదులోని పాత టంకశాల 2022లో మ్యూజియం అయింది. అంతదూరం వెళ్ళలేకపోతే ఇప్పుడే మీ పర్సులోని నోటు ఒకటి తీసి వెనక్కి తిప్పండి. పక్కన పదిహేను భాషల్లో విలువ రాసి ఉంటుంది. కింది నుంచి రెండోది తెలుగు. దాని కింద, ఆఖరు వరుసలో, ఉర్దూ.