నకలు వేరు, పాఠచరిత్ర వేరు

కల్నల్ మెకంజీ 1821లో మరణించిన తరువాత, ఆయన సేకరింపజేసిన రాయలసీమ గ్రామ కైఫియ్యతులు శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు. కంప్యూటర్‌లో నియమిత వేళకు దానంతటదే జరిగే బ్యాకప్ ఇటువంటిదే: ఆనాటి రూపం నిలుస్తుంది, అందులోని తప్పుతో సహా.

1829లో వేమన పద్యాలను ప్రచురించడానికి బ్రౌన్ చేసిన కృషి వేరు. అనేక ప్రతులు తెప్పించి పాఠభేదాలను పోల్చాడు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్, నమోదైన ప్రతి మార్పుకూ చేసినవారి పేరు, తేదీ, వివరణ జతచేస్తుంది. వేమన ప్రతులకు కొరవడినది సరిగ్గా ఇదే. ఏ లేఖకుడు ఏ మాటను ఎందుకు మార్చాడో పరిష్కర్త ఊహించవలసిందే. అయినా ప్రతులు పరస్పరం భిన్నంగా ఉండడం వల్లనే ఆ ఊహకైనా ఆధారం దొరికింది. కైఫియ్యతులకు ఆ అవకాశమూ తక్కువ: కరణాల కవిలెలు నశించిన చోట నకలే మూలమైంది.