నల్లమల నిప్పు

బట్టమేకపిట్ట కొరకు 1988లో అభయారణ్యమైన రోళ్లపాడు పచ్చికబయళ్లు గల మిడుతూరు మండలమునకు తూర్పున, వేసవి ముదిరిన రాత్రులలో నల్లమల వాలులపై ప్రాకు కార్చిచ్చును చూచి, అడవి నశించిపోవుచున్నదని వగవని వారుండరు. ఆ వగపు సహజమే. అయినను నిప్పు అడవికి కేవలము శత్రువు కాదు.

కాలిఫోర్నియాలోని సెకోయా మహావృక్షముల కథ ఇందుకు సాక్ష్యము. రెండడుగుల మందము వరకు పెరుగు బెరడు వానికి కవచము. వాని కాయలు పచ్చివిగనే మూసికొని ఇరువదియేండ్లు సైతము కొమ్మనంటి యుండి, క్రింది మంట సెగకు ఎండినపుడు విచ్చి, రవ్వంత విత్తనములను వెదజల్లును. రాలిన ఆకుల మందపు పొర కాలి మన్ను బయటపడిన చోటనే ఆ మొలకలు చక్కగా వేరూనును. నిప్పును బొత్తిగా అణచివేసిన దశాబ్దములలో క్రొత్త మొక్కలు కరవగుట గమనించి, అచటి జాతీయోద్యానముల వారు 1968 నుండి తామే అదుపుగల మంటలు పెట్టసాగిరి.

మన యొద్ద ఈ వివాదము ఇంకను పాతది. 1864లో అటవీశాఖ వెలసి, 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిదప, రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరమైనది. అయితే 1896లోనే స్లేడ్ అను అటవీ అధికారి, బర్మాలో నిప్పునుండి అతిగా కాపాడుట టేకునకు చేటు తెచ్చుచున్నదని ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో వాదించెను. వెలుతురు కోరు టేకుమొలక పొదల నీడలో బ్రతుకజాలదు.

టేకుకాయను చేతికి తీసికొని చూడుడు: పైపొట్టు నలిపినచో రాలును గాని, లోని పెంకు గోటికి లొంగదు. నర్సరీలలో దానిని పలుమార్లు నానబెట్టి ఎండబెట్టి మొలిపింతురు. అడవిలో ఆ పనిని ఎండయు, వానయు, ఒక్కొక్కప్పుడు నేలమంటయు చేయును. చిన్నమొక్క పైన మాడినను వేరు బ్రతికి, తొలకరికి మరల చిగుర్చును. తునికిపొద సైతము మంట తగిలిన పిదప లేతాకు తొడుగును. ఇప్పపూలు ఏరుటకు చెట్టు క్రింది ఎండుటాకును కాల్చు వాడుకయు అడవిజనులకు పాతదే.

అంతమాత్రమున నల్లమల సెకోయావనము కాదు. ఏటేట ఒకే వాలు తగులబడినచో వేరునందలి బలము సన్నగిల్లి, మొలక చెట్టు కానేరదు; వాననీటికి బోడిమన్ను కొట్టుకొనిపోవును. ఏప్రిల్, మే నెలల పెనుమంట వేరు. ఆకు పూర్తిగ ఎండకమునుపు, అక్కడక్కడ, కాపలాతో పెట్టిన చిన్నమంట వేరు. రెంటిని ఒకే గాటకట్టుట మన విధానములలోని పెద్దలోపమని నా నిశ్చితాభిప్రాయము. అగ్నిరేఖలు గీయునపుడు చెంచుపెంటల వృద్ధులను అడుగుట శాఖవారికి మేలు.

శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు మీదుగా అడవిదారిన శ్రీశైలమునకు నడచు భక్తులకు ఒక్క విన్నపము: మూడురాళ్ల పొయ్యి వెలిగించినచో, నీరు పోసి, మన్ను కప్పి, చేయి పెట్టి చూచి మరీ కదలుడు.