మంచుగిడ్డంగి నుండి వంటింటికి

మదరాసు సముద్రపుటొడ్డున, ట్రిప్లికేను వైపు, గుండ్రని ముఖభాగంతో ఒక భవనమున్నది. 1963 నుండి దానికి వివేకానందర్ ఇల్లమని పేరు. అయినా మన పెద్దలందరూ దానిని ఐస్ హౌస్ అనే పిలుస్తారు. ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆ దారిన నడవనివారుండరు. ఒకప్పుడు లోపల ఏమి దాచేవారో విచారించినవారు మాత్రం కొద్దిమందే. మా ఇంట కొన్నేళ్లపాటు సాగిన రిఫ్రిజిరేటరు పంచాయతీ మమ్మల్ని ఆ భవనం కథ దాకా లాక్కొని పోయినది. కాబట్టి రెంటినీ కలిపి ఇక్కడ మనవి చేస్తున్నాము.

అమెరికాలోని బోస్టను నగరంలో ఫ్రెడరిక్ ట్యూడరు అనే వర్తకుడుండేవాడు. శీతకాలంలో అక్కడి చెరువులు గడ్డకట్టగానే, ఆ గడ్డను దిమ్మెలుగా కోయించి, రంపపుపొట్టులో కప్పి, ఓడలకెక్కించి వేడిదేశాలకు అమ్మడం ఆయన వ్యాపారం. 1833 మే నెలలో 'టస్కనీ' అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బోస్టను విడిచి, భూమధ్యరేఖను రెండుమార్లు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరినది. చేరేసరికి ఇంచుమించు 100 టన్నులు మిగిలినది. సగానికి పైగా నిలిచినదంటే మాటలా! ఆ లాభం చూచుకొనే 1842లో మదరాసులో ఈ గిడ్డంగి వెలసినది. కలకత్తాలోనూ బొంబాయిలోనూ ఇటువంటివే కట్టినారు గాని, అవి ఇప్పుడు లేవు. మిగిలినది మన మదరాసుదే. 1846-47 శీతకాలంలో కూలీలు వాల్డెను చెరువుమీద మంచు కోస్తూ ఉంటే ఒడ్డున గుడిసెలో ఉండిన థోరో చూచినాడు. తన చెరువునీరు మదరాసువారు కూడా త్రాగుతున్నారని తరువాత పుస్తకంలో వ్రాసుకొన్నాడు.

త్రాగిన మదరాసువారెవరంటే దొరలు, వారి విందులకు వెళ్లగలిగిన కొద్దిమంది ధనికులు. మన పూర్వులకు తెలిసిన చల్లదనం కూజాది, తడిగుడ్డ చుట్టిన కుండది. ఉత్తరాదిన అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీటిలో కూజాను త్రిప్పి చల్లబరిచేవారని అయినీ అక్బరీలో ఉన్నది. అదీ రాజభోగమే.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పుకొంటే తక్కిన కథ సులభంగా బోధపడుతుంది. చలి అనేది ఎవరూ తయారు చేయగలిగిన సరుకు కాదు. ఉన్న వేడిని తీసి మరొకచోట పారబోయడమే దానికి మార్గం. కూజాలో ఊరిన తడి ఆవిరై పోతూ లోపలి వేడిని గాలిలో కలుపుతుంది. ఐస్ హౌస్ మందపు గోడలు, రంపపుపొట్టు, బయటి వేడిని లోనికి రానీయకుండా కాపలా కాసినవి. విద్యుత్తు రిఫ్రిజిరేటరు లోపలి వేడిని తోడి మన వంటింట్లోనే గుమ్మరిస్తుంది. ఈ మూడవది మాకు ఆలస్యంగా తెలిసినది.

1870ల తరువాత ఆవిరియంత్రాలతో మంచు చేసే కర్మాగారాలు రాగా బోస్టను మంచు బేరం పడిపోయినది. ఖాళీ అయిన గిడ్డంగిని బిళిగిరి అయ్యంగారనే న్యాయవాది కొని, వరండాలు కట్టించి, ఇల్లుగా మార్చుకొన్నారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి తొమ్మిదిరోజులు బస చేసినది అక్కడే. ఆ మీదట సోదరి సుబ్బలక్ష్మిగారి ఆధ్వర్యాన బాలవితంతువులు అక్కడ ఉండి చదువుకొన్నారు. మంచుకంటే మేలైన సరుకే ఆ ఇంటికి చేరినదని మా అభిప్రాయం.

ఇళ్లలోకి వచ్చిన తొలి యంత్రాలు ప్రమాదకరమైనవి. వాటి గొట్టాలలో తిరిగేది అమ్మోనియా, గంధకపు వాయువు వంటి విషపదార్థాలు. బెర్లినులో ఒక కుటుంబం నిద్రలో ఇటువంటి వాయువు సోకి చనిపోయిన వార్త చదివి అయినుస్టయిను చలించిపోయి, లియో సిలార్డుతో కలిసి 1926 నుండి కొన్నేళ్లు ప్రమాదం లేని రిఫ్రిజిరేటరుకోసం పాటుపడ్డారు. అది అంగడికెక్కలేదు. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం కనిపెట్టిన ఫ్రియాను వాయువు విషం కాదు, మండదు. అందరూ దానినే వాడినారు. అది పైకిపోయి ఓజోను పొరను తింటుందని 1974లో మోలినా, రోలాండు హెచ్చరించగా, 1987లో మాంట్రియలు ఒప్పందం కుదిరినది. ఇప్పటివాటిలో ఎక్కువగా ఐసోబ్యూటేను వాడుతున్నారు.

మన దేశంలో గోద్రెజువారు 1958లో రిఫ్రిజిరేటర్ల తయారీ మొదలుపెట్టినారు. మన తెలుగువారికి చెప్పుకోదగ్గది హైదరాబాదు ఆల్విను. 1942లో పుట్టి, బస్సులు, బీరువాలు, గడియారాలతోబాటు ఫ్రిజ్జులూ చేసినది. 1970లలో మా పెదనాన్నగారింటికి ఆల్విను వచ్చినప్పుడు దానిని హాలులో, గోడకు జానెడు ఎడంగా నిలిపి, పైన అల్లికగుడ్డ పరచి, తాళం వేసేవారు. వీధిలో ఎవరికి జ్వరం తగిలినా ఐసుముక్కలకు వారింటికే పరుగు. హాలులో ఎందుకంటే వచ్చినవారికి కనబడడానికని మేము పిల్లలం నవ్వుకొనేవారము.

2013లో మా వంతు వచ్చినది. మా వంటిల్లు తొమ్మిదడుగులకు ఆరడుగులు. మూడు నెలల జీతం పోసి, పక్కపక్కనే రెండు తలుపులున్న 550 లీటర్ల యంత్రాన్ని కొన్నాము. వెడల్పు మూడడుగులు. వంటింటి తలుపు ఊడదీసి గాని లోనికి పోలేదు. వడ్రంగిచేత గూడు కట్టించి, అంగుళం సందు లేకుండా అందులో దూర్చినాము. చూపరులకు బీరువాలా అందంగా ఉన్నది. ఫ్రిజ్జు తలుపు తెరిస్తే మనిషి కదలడానికి లేదు. ఇంత చేసినా ఆ సన్నని అరలలో బొబ్బట్ల పళ్లెం పట్టదు! మూడునాటి పప్పు తినే భాగ్యం కలిగినదని మా అమ్మగారి ఎత్తిపొడుపు ఒకటి.

ఎండాకాలం రాగానే వంటిల్లు కొలిమి అయినది. పొయ్యి ఆర్పినా సెగ తగ్గదు. యంత్రం రాత్రింబగళ్లు ఆగకుండా గుర్రుమంటున్నది. రెండవ వేసవిలో కంప్రెసరు కాలిపోయినది. బాగుచేయ వచ్చిన మేస్త్రీ ప్రక్కరేకుమీద మా చేయి పెట్టించి, ఇప్పటివాటికి వేడి వదిలే గొట్టాలు ఈ ప్రక్కగోడలలోనే ఉంటాయనీ, గూట్లో దూర్చి మేమే దాని ఊపిరి బిగబట్టినామనీ చెప్పినాడు. అంగడిలో మాకు చూపిన నక్షత్రాల చీటీ, గాలి ఆడేచోట పెట్టిన యంత్రానికే నిజం. గూడు పగులగొట్టి దానిని హాలులోకి మార్చినాము. పెదనాన్నగారి జానెడు ఎడం అప్పుడు గుర్తుకు వచ్చినది.

2016 డిసెంబరు 12న వార్దా తుపాను వచ్చి మా వీధిలో నాలుగురోజులు కరెంటు లేదు. లోపల అమ్మగారి ఇన్సులిను రెండు నెలలకు సరిపోయేది ఉన్నది. తలుపు తెరవకుండా ఉంచితే ఆ పెట్టె నిలుపగలిగిన చలి కొన్ని గంటలది మాత్రమే. మందుల దుకాణాలకూ కరెంటు లేదు. మేము చేతులు పిసుక్కొంటూ ఉంటే అమ్మగారే పెద్దకుండలో తడి ఇసుక పోయించి, సీసాలను సంచిలో చుట్టి చిన్నకుండలో పెట్టి, దానిని ఇసుకలో దింపించి, తడిగుడ్డ కప్పించినారు. ఇసుక ఆరకుండా వంతులవారీగా నీళ్లు చిలకరించినాము. తరువాత డాక్టరుగారు సీసాలు చూచి, ఈ చలికాలంలో ఆ మాత్రం చల్లదనంలో ఉన్నవి పాడు కావు, ముందుగా వాడేయమన్నారు. అమ్మగారు ఆ మందే వాడినారు.

2022లో మరల కొనవలసి వచ్చినప్పుడు బేరానికి ముందు కొలబద్ద తీసుకొని పోయినాము. వెడల్పు 60 సెంటీమీటర్లు, సుమారు 325 లీటర్లు. ఐసుగది క్రింద, కూరగాయలు పైన, అమ్మగారు వంగనక్కరలేకుండా. అవసరాన్నిబట్టి వేగం తగ్గించుకొనే కంప్రెసరు. లీటరు లెక్కన చూస్తే మొదటిదానికన్నా ఖరీదే. చిన్నదానికి ఇంత ధర ఏమిటని మా వాళ్లు గునిసినారు గాని, చప్పుడు లేదు, తెరిచిన తలుపు ఎవరికీ అడ్డు రాదు, కరెంటు బిల్లు కూడా దిగినది. దానినీ హాలులోనే నిలిపినాము. ఇసుకకుండ దాని ప్రక్కనే ఉన్నది, జానెడు ఎడంగా.